పారే నీళ్ళలో వేసినవి

పెరుగు ప్యాకెట్లు రెండూ సాయిబాబు పళ్ళతోనే చింపాడు. చింపి, సుమలత తెచ్చిన స్టీలు క్యానులో బోర్లించి, అడుగున అంటుకున్నదాన్ని వేళ్ళతో పిండి, ఖాళీ ప్యాకెట్లను కౌంటర్ వెనక్కి విసిరేశాడు. అక్కడ అప్పటికే మోకాలెత్తు కుప్ప ఉంది. పైనున్న ప్యాకెట్ మీద ఈగలు లేచి మళ్ళీ వాలాయి.

"తీస్కో అక్కా. నీ ఇంటికి ప్లాస్టిక్ రాలే. ఖుషేనా?"

దుకాణంలో ఉన్న ఇద్దరు మనుషులు నవ్వారు. సుమలతకు ఒళ్ళు మండింది.

"నవ్వులాటైంది నీకు. గిన్నెల పోసే పెరుగు లేదా అని గద నేనడిగింది."

"గిన్నెల పోసే పెరుగు మిర్యాలగూడల ఇప్పుడు ఎవలమ్ముతున్నరక్కా? ఉప్పు కాడికెల్లి ఊదుబత్తి దాక అన్నీ కవర్లనే వస్తయ్. కంపెనోడు ఎట్ల పంపితే నేనట్ల అమ్మాలె. నువ్వడిగినవని చింపిన. చింపుడు గూడ నా తప్పేనా?"

ఆమె క్యాను మూత బిగించి బయటికొచ్చింది. సాయిబాబు తప్పు కాదని ఆమెకు తెలుసు. తెలిసేకొద్దీ రోత పెరుగుతోంది. నెల రోజుల నుంచి ఆమె గుడ్డసంచీ లేకుండా గడప దాటడం లేదు. పప్పు విడిగా అడిగితే పెద్ద ప్లాస్టిక్ బస్తా కోసి అందులోంచి కొలిచారు. నూనెకు సీసా పట్టుకుపోతే ఆ నూనె గానుగ పోయిన ఏడే మూసేశారన్నారు. ఇంటర్ చదివే కూతురు కరుణ ఆన్‌లైన్‌లో చెవి కమ్మలు తెప్పించుకుంటే, వేలిగోరంత కమ్మలకు చెప్పుల డబ్బా అంత డబ్బా, దాని మీద కవరు, లోపల బుడగల కవరు. చెత్త బండి వచ్చేసరికి ఆమె బుట్ట మునుపటిలాగే నిండేది. తడీ పొడీ వేరు చేసి ఇచ్చినా పక్కింటి పిల్లల డైపర్లు వచ్చి దాని మీదే పడేవి. వంటింటి తొక్కలు కుళ్ళబెట్టి ఎరువు చేద్దామని మిద్దె మీద ఒక మట్టి కుండ పెడితే, ఓనరమ్మ నాగరాణి మూడో రోజే పైకొచ్చి ముక్కు మూసుకుంది. "పురుగులొస్తయ్ సుమలతా, కిరాయికి ఇల్లిచ్చిన గానీ పెంటకుప్పకు గాదు" అంది. సుమలత కుండ తీసేసింది. ఆ ఇంటి చుట్టూ ఎక్కడ చూసినా గచ్చే. ఒక మొక్క వేరు దిగేంత మట్టి కూడా లేదు.

సందు చివర పూలమ్మే గోపమ్మ దగ్గర ఆగింది. గోపమ్మ బంతిపూలు, నాలుగు గులాబీలు పల్చటి కవర్లో వేసి, నాలుగు నీటి చుక్కలు చల్లి, చెవులు లాగి ముడేసి ఇచ్చింది. సుమలత ఆ కవరును గుడ్డసంచీలో పెరుగు క్యాను మీద, నలగకుండా, జాగ్రత్తగా పెట్టుకుంది. పెరుగు ప్యాకెట్ దగ్గర అంత గొడవపడిన మనిషి ఈ కవరు దగ్గర నోరెత్తలేదు. అది ఆమె కంటికి కవరుగా ఆనలేదు. అది దేవుడికి పోయేది.

పూజగది తలుపు వెనక మేకుకు ఇంకో కవరు వేలాడుతుంటుంది. రోజూ పొద్దున నిన్నటి పూలు తీసి అందులో వేస్తుంది. కాలిన వత్తులు, ఊదుబత్తి పుల్లలు, కొబ్బరి పీచు, ఎండిన తమలపాకులు. దేవుడిని తాకిన పువ్వును చేప ముళ్ళతో, పిల్లల మలంతో కలిపి చెత్త బండిలో వేయడానికి ఆమెకు చెయ్యి రాదు. తొక్కుడు పడకూడదు. పారే నీళ్ళలో కలపాలి. ఆమె తల్లి సూర్యాపేటలో అట్లాగే చేసేది. శనివారం వచ్చేసరికి కవరు నిండి, అడుగున నల్లటి నీరు ఊరి, ఒక రకమైన పుల్లటి వాసన వస్తుంది. ఆ వాసనను సుమలత ఎన్నడూ కంపు అనలేదు. ఊపిరి బిగబట్టి, పసుపు దారంతో మూడు ముళ్ళు వేస్తుంది. అంతే.

ఆ మధ్యాహ్నం నడిగూడెం నుంచి వనిత ఫోన్ చేసింది. వనిత సుమలత భర్త వెంకట్‌కు అక్క. భర్త ఉపేందర్‌తో కలిసి రెండెకరాలు యాసంగి వరి వేసింది.

"మా పిల్లకాలువకు నీళ్ళొదిలి నాలుగొద్దులాయె సుమా. మా మడి ఇంగ తడవలే. సోమవారం పొద్దుగాల బందు పెడ్తరట. మళ్ళ వంతు పది రోజులకు. పొలం పొట్ట మీదున్నది. ఇప్పుడెండితే గింజ పట్టది, అంత తాలే. తమ్మున్ని జర పంపుతవా? తూము కాడ పని బడ్డది."

"నేను గూడ వస్త వదినా" అంది సుమలత.

వెంకట్ రైస్‌మిల్లులో కరెంటు పని చేస్తాడు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చాక, కరుణను నాగరాణికి అప్పజెప్పి, ఇద్దరూ బండి మీద బయలుదేరారు. సూర్యాపేట మీదుగా పోతే రోడ్డు బాగుంటుందన్నాడు వెంకట్. మిర్యాలగూడ దాటాక సాగర్ ఎడమ కాలువ వంతెన దగ్గర, అడగకముందే బండి ఆపాడు. వారం వారం ఆపే చోటే. సుమలత దిగి, చెప్పులు విడిచి, కవరును కళ్ళకద్దుకుంది. "మా వదిన మడికి నీళ్ళు పోవాలె స్వామీ" అనుకుంది. వదిలింది. గాలి పట్టిన కవరు బుడుంగున మునిగి, తేలి, బాతులా ఊగుతూ కిందికి పోయింది. దాని ముందు ఇంకో మూడు నాలుగు పోతున్నాయి. రెయిలింగ్ పక్కన ఎవరో తాగి పడేసిన సీసాలు చూసి ఆమె మొహం చిట్లించింది.

"దేవుడి జాగ అన్న సోయి గూడ లేదు మనుషులకు" అంది బండెక్కుతూ.

తెల్లారి ఆదివారం. పెద్ద కాలువ నుంచి పిల్లకాలువలోకి నీళ్ళు దిగే తూము దగ్గరికి నలుగురూ పోయారు. పోకముందే వాసన ఎదురొచ్చింది. తూము మూతికి అడ్డంగా ఇనుప కడ్డీలున్నాయి. ఆ కడ్డీల ముందు చాపలా ఒకటి తేలుతోంది. అది నీళ్ళ మీద పేరుకున్న చెత్త అని పోల్చుకోవడానికి సుమలతకు ఒక నిమిషం పట్టింది. నీళ్ళు తాగి దిండంత ఉబ్బిన డైపర్లు, పెరుగు ప్యాకెట్లు, మందు సీసాలు, కోడి ఈకల మూట, చెప్పు, నురగ. వాటి మధ్య ముడివేసిన కవర్లు, పదులకొద్దీ. పసుపు పచ్చగా, ఎర్రగా, లోపలి పూలు కుళ్ళి జిగటగా కవరు గోడలకు అతుక్కుపోయి. ఒకటి పిగిలి నల్లటి ముద్ద కారుతోంది. దాని మీద తెల్లటి పురుగులు మెదులుతున్నాయి. సుమలత కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"సూసినవా" అంది వనిత. "పట్నపోళ్ళ పుణ్యం. ఈ కవర్లేసేటోళ్ళ చేతులిరిగిపోను. ఆళ్ళ ఇండ్లు మాత్రం అద్దాల్లెక్క ఉంచుకుంటరు."

"మనుషులా వదినా వీళ్ళు!" అంది సుమలత. మనస్ఫూర్తిగానే అంది.

ఊరి చివరి వాడలో ఉండే యేసయ్య అప్పటికే నడుంలోతు నీళ్ళలో ఉన్నాడు. అరవై దాటిన మనిషి. లుంగీ గోచీలా బిగించి, కడ్డీల్లో ఇరుక్కున్నవి చేత్తో లాగి గట్టు మీదికి విసురుతున్నాడు. ఉపేందర్ గట్టు మీద నిలబడి, కొక్కెం కట్టిన వెదురు గడతో సీసాలూ చెప్పులూ లాగుతున్నాడు. వెంకట్ ఇంకో గడ అందుకున్నాడు. పూల కవరు గడకు తగిలినప్పుడల్లా ఉపేందర్ గడ వెనక్కి తీసుకుంటున్నాడు.

"యేసయ్యా, అటు పక్క. దేవునియి" అంటున్నాడు.

"వస్తున్న పటేలా. మీ దేవుళ్ళు యాడికి పోతరు? కడ్డీల కాడనే ఉన్నరు." యేసయ్య మూడు కవర్లు ఒకేసారి లాగాడు. నల్లనీళ్ళు మోచేతుల మీదుగా కారాయి. "మా పాస్టరయ్య సూస్తే ఏమంటడో. ఆదివారం పూట ప్రార్థన ఎగ్గొట్టి, మీ సాములకు తానం జేపిస్తున్న."

ఉపేందర్ నవ్వాడు. సుమలత యేసయ్య చేతులు చూసింది. వేళ్ళ సందులు పాచి తెల్లబడి, మణికట్టు నుంచి పైకి ఎర్రటి దద్దుర్లున్నాయి.

"ఆయన్నే ఎందుకు దింపుతరు వదినా? అన్న దిగొచ్చు గద."

వనిత గొంతు తగ్గించింది. "మనం ముట్టి పెంటల ఎయ్యొద్దంటరు గదనే, పూజ జేసినయి. ఊర్ల ఎవలూ ముట్టరు. యేసయ్యకైతే పట్టింపు లేదు గద. నీళ్ళొదిలినప్పుడల్ల ఈయన్నే పిలుస్తరు అందరు."

పట్టింపు లేదు. సుమలత ఆ మాటను మనసులో ఒకసారి తిప్పి చూసుకుంది. దద్దుర్లకు ఆ సంగతి ఎవరు చెప్పాలి?

పది దాటేసరికి సగం కడ్డీలు బయటపడ్డాయి. పిల్లకాలువలో నీరు జానెడు లేచింది. ఉపేందర్ పార పట్టుకుని మడి వైపు పరిగెత్తి చూసొచ్చాడు. "రెండో మడి దాక వచ్చినయ్. అడుగున ఇంగేదో అడ్డమున్నది యేసయ్యా. అది తీస్తే పొద్దుగూకే యాళ్ళకు చివరి మడి తడుస్తది."

యేసయ్య కాలితో వెతికాడు. ముందుకు ఒరిగి, కడ్డీ పట్టుకుని, పాదంతో ఏదో తోశాడు. మరుక్షణం "అవ్వో" అని కూర్చుండిపోయాడు. నీళ్ళు మొదట మట్టి రంగులో ఉన్నాయి. తర్వాత ఎర్రటి చార ఒకటి కవర్ల మధ్య నుంచి పాకింది.

వెంకట్, ఉపేందర్ రెక్కలు పట్టి గట్టు మీదికి లాగారు. అరికాలు మడమ నుంచి మధ్య దాకా చీలింది. చీలికలో గాజు పెంకు నిలబడి ఉంది. యేసయ్య కాలితో పాటు ఆ వస్తువు కూడా పైకొచ్చి గడ్డిలో పడింది. నీళ్ళోడుతున్న కవరు. దాన్ని చీల్చుకుని బయటికొచ్చిన చెక్క ఫ్రేమ్ మూల. ఫ్రేమ్‌లో లక్ష్మీ నరసింహస్వామి. పటం సగం నాని ఉబ్బింది. స్వామి నుదుటి మీద మాత్రం మెరూన్ రంగు స్టిక్కర్ బొట్టు, నడుమ తెల్లరాయితో, చెక్కు చెదరకుండా ఉంది.

కవరు చెవులకు పసుపు దారం. మూడు ముళ్ళు.

సుమలత కొంగు ముక్కు మీది నుంచి జారింది. పటం మీద కుంకుమ నిలవడం లేదని ఆ బొట్టు తన నుదుటి మీది నుంచి తీసి అతికించింది తనే. పెళ్ళికి తల్లి సూర్యాపేటలో కొనిచ్చిన పటం. మూడు వారాల కింద దీపం పెడుతుంటే చెయ్యి తగిలి పడి అద్దం పగిలింది. పగిలిన పటం ఇంట్లో ఉండకూడదు. గాజు విడిగా తీద్దామని వెంకట్ స్క్రూడ్రైవర్ తెచ్చాడు కూడా. "దేవుని పటం విప్పుతవా? పారే నీళ్ళల్ల ఎట్లున్నదట్ల ఒదలాలె" అని ఆమే కసిరింది.

ఆమె వెంకట్ వైపు చూసింది. వెంకట్ పటాన్ని చూశాడు. తర్వాత ఆమెను చూశాడు. తర్వాత వంగి, యేసయ్య కాలి నుంచి గాజు తీయడంలో పడ్డాడు.

"ఏ ముండదో గానీ గాజుతోటి ఏసింది" అంది వనిత, కొంగు చించి కట్టు కడుతూ. "కండ్లు మూస్కొని మొక్కుడొచ్చు గానీ, కండ్లు తెరిసి సూసుడు రాదు."

సుమలత నోరు తెరిచింది. నాలిక మీద పుల్లటి నీరు ఊరింది. పక్కకు పోయి తుమ్మచెట్టు కింద వాంతి చేసుకుంది. వాసనకే అనుకుని వనిత చెంబుతో నీళ్ళిచ్చింది. "నీకలవాటు లేదు, ఇంటికి పో సుమా."

వెంకట్ యేసయ్యను బండి మీద కూర్చోబెట్టుకుని కోదాడ దవాఖానకు తీసుకుపోయాడు. గట్టు మీద ముగ్గురు మిగిలారు. యేసయ్య లాగినప్పుడు కదిలిన చెత్త మళ్ళీ కడ్డీల దగ్గరికి జరిగి అతుక్కుంటోంది. పై నుంచి ఇంకా వస్తున్నాయి. వస్తున్నవాటిని ఒక్కొక్కటిగా సుమలత కళ్ళారా చూసింది. బాతుల్లా ఊగుతూ, తాపీగా.

ఉపేందర్ తల పట్టుకున్నాడు. "ఇగ ఎవలు దిగుతరు? వాడకట్టుకు పోయి ఇంకొకన్ని అడగాలె. ఆదివారం, అందరు ప్రార్థన కాడ ఉంటరు. గంటల గంటలు పోతది."

సుమలత చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుములో దోపింది.

"ఏయ్, ఏంజేస్తున్నవ్?" అంది వనిత.

"దిగుత."

"నీకేమన్న పిచ్చా? చేతుల దద్దులొస్తయ్. ఆపైన అవి దేవునియి, ముట్టి పెంటల ఏస్తే పాపం."

"ఆ పాపం నాదే వదినా" అంది సుమలత. వనితకు అది మాట వరసకు అన్నట్టే వినిపించింది.

నీళ్ళు పిక్కల దగ్గర చల్లగా ఉన్నాయి. నడుము దగ్గర గోరువెచ్చగా, జిడ్డుగా ఉన్నాయి. మొదటి కవరు లాగగానే చేతిలో పిగిలింది. పూల ముద్ద వేళ్ళ సందుల్లోంచి కారి ముంజేతి మీద పాకింది. అందులో ఊదుబత్తి ఖాళీ డబ్బా, కుంకుమ ప్యాకెట్, నూనె సీసా మూత. ఇన్నేళ్ళుగా కంపు అనని వాసన. ఆమె ఆ రోజు దాన్ని కంపు అనే అంది, పైకే. రెండో కవరు. నాలుగోది. పదోది. కొన్నిటికి పసుపు దారం, కొన్నిటికి ఎర్ర దారం. తన ముడి ఏదో, పరాయి ముడి ఏదో చూడ్డం ఆమె మానేసింది. స్వామిని తాకిన పువ్వును తొక్కుడు పడకుండా కాపాడుకుందామనే కదా తను ఇన్నేళ్ళూ నీళ్ళలో వదిలింది. ఇక్కడ డైపర్ల మధ్య, కోడి ఈకల మధ్య, ఇంకొక మనిషి కాళ్ళ కింద. స్వామి ఇది అడిగాడా? అడగలేదని ఆమెకు తెలుసు. ఏం అడిగాడో మాత్రం తెలియదు.

ఉపేందర్ కాసేపు చూశాడు. తర్వాత గడ పక్కన పెట్టి, చొక్కా విప్పి, ఆమె పక్కన దిగాడు. పూల కవరొకటి అతని చేతికి తగిలింది. ఒక్క క్షణం ఆగి లాగాడు.

మూడింటికి అడుగున ఇరుక్కున్న సిమెంటు బస్తా తుంపులు ఊడిపోయాయి. కడ్డీల గుండా నీళ్ళు గుర్రున దూకాయి. వనిత గట్టు వెంట పరిగెత్తింది. పొద్దు గూట్లో పడే వేళకు చివరి మడి దగ్గరి నుంచి ఆమె కేక వినిపించింది. "వచ్చినయ్! ఓ సుమా, వచ్చినయ్!"

సుమలత గట్టు మీద కూర్చుని చేతులు చూసుకుంది. మణికట్టు దగ్గర దురద మొదలైంది.

సోమవారం పొద్దున, బయలుదేరేముందు, ఆమె ఒక్కతే యేసయ్య ఇంటికి పోయింది. అతను అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. తెల్లకట్టు మోకాలి దాకా ఉంది. తొమ్మిది కుట్లు పడ్డాయని, నెల రోజులు నీళ్ళలో కాలు పెట్టొద్దన్నారని అతని కోడలు శ్రీలత చెప్పి, చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

సుమలత కూర్చోలేదు. "ఆ పటం మాది" అంది.

యేసయ్య ఆమె వైపు చూశాడు.

"నిన్ను కోసింది. నేనే ఏసిన. మిర్యాలగూడల, వంతెన మీదికెల్లి. గాజుతోటి."

యేసయ్య కాసేపు తన కాలి కట్టును సవరించుకున్నాడు. "ఎవరింటిదో ఒకరిది కాకుంటే నీళ్ళల్లకెట్లొస్తదమ్మా" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. క్షమ కూడా లేదు. "ఇన్నేండ్ల నుంచి తీస్తున్న. నాది అని చెప్పినోళ్ళు ఎవలు లేరు. అందుకని అవి దేవునియే అనుకుంటున్న."

ఆమె తల వంచుకుంది.

"మరి వచ్చే వారం యాడ ఏస్తవ్?" అని అడిగాడు. ఎత్తిపొడుపుగా కాదు, నిజంగా తెలుసుకుందామని.

సుమలతకు మిద్దె మీది కుండ గుర్తొచ్చింది. నాగరాణి మూసుకున్న ముక్కు, గచ్చు వాకిలి, చెత్త బండి, పళ్ళతో ప్యాకెట్ చింపే సాయిబాబు. "తెల్వది" అంది.

"నాకూ తెల్వది" అన్నాడు యేసయ్య. "మాకు మట్టున్నది, బొంద తవ్వి పూడుస్తం. మీకది గూడ లేదాయె."

చాయ్ తాగి వచ్చేసింది. వెంకట్ బండి తీశాడు. సూర్యాపేట దాటి, మిర్యాలగూడ దగ్గరికొచ్చేసరికి, కాలువ వంతెన మీద అలవాటున బండి నెమ్మదించాడు. వేయడానికేమీ లేదని గుర్తొచ్చి మళ్ళీ వేగం పెంచబోయాడు.

"ఆపు" అంది సుమలత.

వంతెన మీద తెల్లకారు ఆగి ఉంది. పట్టుచీర కట్టుకున్న ఒక అమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో, చెప్పులు కారు పక్కన విడిచి, కవరును రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది. కవరులోంచి చెక్క ఫ్రేమ్ మూల పొడుచుకొచ్చింది.

సుమలత దగ్గరికి పోయింది. "చెల్లె, అండ్ల గాజున్నదా?"

అమ్మాయి కళ్ళు తెరిచింది. "ఉన్నదక్కా. పలిగింది. మా అత్తమ్మ ఇంట్ల ఉంచొద్దన్నది."

నిన్నటి తుమ్మచెట్టు, వాంతి, ఎర్రటి చార, అన్నీ చెప్పాలనుకుంది సుమలత. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. రెండు చేతులూ చాపింది. "నాకియ్యి."

అమ్మాయి మొహం వెలిగింది. "మీరేస్తరా? మంచిదక్కా. నాకు నీళ్ళ మీదికి వంగుడంటే బయ్యం." పటం ఆమె చేతుల్లో పెట్టింది. పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు గబగబా కారు వెనక తలుపు తెరిచి, ఇంకో రెండు కవర్లు తెచ్చింది. ముడివేసినవి, బరువైనవి, అడుగున నల్లనీళ్ళు ఊరినవి. "ఇవి గూడ మీ చేతులతోనే, జర."

కారు వెళ్ళిపోయింది. సుమలత మూడింటినీ ఒళ్ళో పెట్టుకుని బండెక్కింది. కవరు అడుగు నుంచి కంపు నీళ్ళు చీరలోకి ఇంకి తొడకు తగిలాయి. అయినా వదల్లేదు.

"ఇంటికి తీస్కపోయి ఏం జేస్తవ్?" అన్నాడు వెంకట్, బండి స్టార్ట్ చేయకుండానే.

"తెల్వది."

కింద కాలువ నిశ్శబ్దంగా నడిగూడెం వైపు పోతోంది.

"ఇంట్ల స్క్రూడ్రైవర్ ఉన్నది గద" అంది సుమలత. "ముందుగాల గాజు తీద్దాం."